మేము, మనం, మెహమాన్

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఉర్దూలో లేదు, ఇంగ్లీషులో లేదు. 'హమ్' అన్నా 'వుయ్' అన్నా, వినేవాడికి ఆ మాటలో తానున్నాడో లేడో తెలియదు. తెలుగులో ఆ సందేహానికి తావులేదు. 'మేము' అంటే నువ్వు కాక మేమంతా. 'మనం' అంటే నువ్వు కూడా. నోరు తెరిచి మొదటి మాట అనేసరికే ఎదుటివాడు లోపలున్నాడో బయటున్నాడో తేలిపోతుంది.

పుట్టుమచ్చ వచ్చిన 1991 నుంచీ, జల్‌జలా వచ్చిన 1998 నుంచీ, మన రచన అంతా 'మేము' అనే మాట మీదనే నిలబడింది. మేము ముస్లింలం, మా గల్లీ, మా గోడు, మా అమ్మీ, మా అబ్బా. ఆ మాట రాగానే మన లౌకిక మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉన్నారు. "ఇంకెన్నాళ్లు ఈ 'మేము'? ఇక 'మనం' అనరాదా?" అని అడుగుతారు. అడిగేవాళ్ల మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న దాక్కొని ఉంది. 'మనం' అనే మాటను ముందుగా అనే హక్కు ఎవరిది? పిలిచేవాడిదా, పిలిపించుకునేవాడిదా?

ఒక చిన్న విషయం గమనించండి. మన రాజ్యాంగ పీఠికను తెలుగు పాఠ్యపుస్తకాల్లో అచ్చువేసేటప్పుడు భారత ప్రజలమైన 'మేము' అనే వేస్తారు, 'మనం' అని కాదు. దేశంలో ఉన్నవాళ్లంతా కలిసి చెప్పుకున్న మాట కూడా 'మేము' తోనే మొదలైంది. అందులో తప్పు లేదు. ఎవరికి వాళ్లు 'మేము' అని నిలబడినంకనే కాగితం మీద సంతకం పెట్టగలరు. నిలబడనివాడి సంతకానికి విలువేముంది?

తార్నాకకు రండి. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే చోటు. ఒకప్పుడు అక్కడ ముళ్లతీగ కట్టిన కాపలా ఉండేదనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ స్థానికులు చెప్పుకుంటారు. తీగ పోయింది, నాకా పోలేదు. ఉస్మానియాలోనో, ఇఫ్లూలోనో సీటు వచ్చి, హాస్టల్ దొరక్క, తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి గల్లీల్లో గది వెతుక్కునే ముస్లిం పిల్లవాణ్ణి అడగండి, చెబుతాడు. పేరు చెప్పేదాకా గది ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పినంక ఆ ఇంటావిడ చెల్లెలి కొడుకు ఊరి నుంచి వస్తున్నాడని తెలుస్తుంది. కొన్నిచోట్ల అంత శ్రమ కూడా ఉండదు. 'శాకాహారులకే' అని గేటుకే బోర్డు. ఆ బోర్డు కింద నుంచి ఆదివారం పూట కోడికూర వాసన వస్తూనే ఉంటుంది.

ఇల్లు అనేదానికి ముగ్గురితో సంబంధం ఉంటుంది. ఒకడు ఇంటాయన. ఒకడు కిరాయిదారు. ఒకడు మెహమాన్. కిరాయిదారుకు నెలనెలా లెక్క ఉంటుంది, ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి. మెహమాన్‌కు లెక్క లేదు, మర్యాద ఉంటుంది, కానీ గోడకు మేకు కొట్టే హక్కు ఉండదు. ఈ దేశంలో మేము కిరాయిదారులం కాదు, హిస్సేదారులం అని హైదరాబాద్ సభల్లో మన నాయకులు గట్టిగా చెబుతుంటారు. నిజమే. కానీ తెలుగు సాహిత్యపు ఇంట్లో మన హోదా కిరాయిదారుది కూడా కాదు, మెహమాన్‌ది. రంజాన్ నెలలో ఒక వ్యాసం. మతసామరస్య సభలో వేదిక మీద ఒక కుర్చీ. దాడి జరిగిన వారం ఒక కవిత. తెలంగాణ ఉద్యమపు రోజుల్లో ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు ఎన్ని సభలు జరిగాయి! 2010 జనవరి 3న జరిగిన విద్యార్థి గర్జన ఎవరు మరిచిపోతారు! ఆ ఉద్యమపు వేదికలన్నింటి మీదా మనకో చోటిచ్చారు. ప్రేమగానే ఇచ్చారు. "ఇప్పుడు మన ముస్లిం సోదరుడు మాట్లాడతాడు" అని పిలిచారు. ఆ 'మన' ఎంత తియ్యగా ఉంటుందో అంత దూరంగానూ ఉంటుంది. మిగతా వక్తల్ని ఎవరూ 'మన హిందూ సోదరుడు' అని పిలవరు కదా.

మర్యాద అందుకోవడం చెడ్డదని నేననడం లేదు. ఎప్పుడూ మెహమాన్‌గానే ఉండి, ఎన్నడూ మేజ్‌బాన్ కాలేకపోవడం గురించి మాట్లాడుతున్నాను. మెహమాన్‌ను పిలవాలంటే ముందు ఇల్లుండాలి. నీ పేరున ఒక గుమ్మం, నీ ఇష్టానికి ఒక దస్తర్‌ఖాన్. మనిషి తన ఇంట్లో ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి ఒకటే గుర్తు: అతను ఇంకొకరిని లోపలికి పిలవగలడా?

ఈ విషయం ఆలోచించడానికి నేను ఎక్కడో న్యూయార్క్‌లో పుట్టిన ఒక పాటల బృందం దగ్గరికి వెళుతున్నాను. అంత దూరం ఎందుకు అంటే, 'మేము' అని పాడి పేరు తెచ్చుకున్నవాళ్లు ముసలితనానికి దగ్గరపడుతూ తమ ఇంటి తలుపులు ఎట్లా తెరిచారో ఆ కథలో ఉంది. పైగా ఆ 'మేము'లో మన పేర్లున్నాయి. మన పేరును అవమానపు మాటల వరసలోంచి తీసి పాటలోకి తెచ్చినవాళ్లు వాళ్లు.

బృందం పేరు ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్. 'అన్వేషణ అనే తెగ' అనుకోవచ్చు. 1985లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు నల్లజాతి కుర్రాళ్లు మొదలుపెట్టారు. క్యూ-టిప్, ఫైఫ్ డాగ్, అలీ షహీద్ ముహమ్మద్, జరోబి వైట్. అలీ షహీద్ ముస్లిం. క్యూ-టిప్ తర్వాత 1990లలో ఇస్లాం స్వీకరించి కమాల్ ఫరీద్ అయ్యాడు. ఫైఫ్ వాళ్లది ట్రినిడాడ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. వీళ్లది హిప్‌హాప్. అంటే లయ మీద మాటను పరిగెత్తించే పాట. మన ఒగ్గు కథకుడు డోలు దెబ్బకు మాటను ఎట్లా తోలుకుపోతాడో గుర్తు తెచ్చుకుంటే ఈ సంగతి కొత్తగా అనిపించదు. పేదవాడి వాడల్లో వాయిద్యాలు కొనే స్తోమత లేక, పాత గ్రామఫోను రికార్డుల్లోంచి ముక్కలు తీసి, వాటినే వాయిద్యంగా చేసుకున్నారు ఆ పిల్లలు. కాబట్టి ఆ కళకు పుట్టుకలోనే పరాయి గొంతులున్నాయి. ఎవరో ఎప్పుడో వాయించిన జాజ్ ముక్క వీళ్ల మాట కింద మెహమాన్‌గా కూర్చుంటుంది.

1991లో వీళ్ల రెండో ఆల్బం వచ్చింది. అందులో ఒక పాటకు రాన్ కార్టర్ అనే పేరుమోసిన జాజ్ బాస్ వాద్యకారుడు వచ్చి వాయించాడు. వయసులోనూ విద్యలోనూ వాళ్లకంటే చాలా పెద్ద. ఆయన పెట్టిన షరతు ఒకటే: పాటలో బూతు ఉండకూడదు. తాము మాట్లాడేది బతుకు గురించేనని వీళ్లు చెప్పారు. ఆయన వచ్చాడు. నాకు ఈ సంగతి చాలా నచ్చుతుంది. మెహమాన్‌కు కూడా షరతు ఉంటుంది. షరతు పెట్టే గౌరవం మెహమాన్‌కు ఇవ్వగలిగినవాడే మేజ్‌బాన్. మనల్ని వేదిక మీదకు పిలిచినవాళ్లలో ఎంతమంది మన షరతు ఏమిటని అడిగారు?

1998లో ఐదో ఆల్బంతో బృందం విడిపోయింది. క్యూ-టిప్‌కూ ఫైఫ్‌కూ పడలేదు. చిన్ననాటి దోస్తులు ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఫైఫ్‌కు షుగర్ జబ్బు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. 2008లో భార్య తన కిడ్నీ ఇచ్చింది. 2015 నవంబర్ 13 రాత్రి ఒక టెలివిజన్ కార్యక్రమంలో అందరూ మళ్లీ కలిసి పాడారు. అదే రాత్రి పారిస్‌లో దాడులు జరిగాయి. ఒక చోట నూట ముప్పై మంది చనిపోతే, ప్రపంచమంతా ముస్లిం పేరున్నవాళ్లు మరునాడు పొద్దున తలవంచుకొని బయటికి నడిచిన రోజులవి. ఆ రాత్రి తర్వాత వీళ్లు మళ్లీ కలిసి పాట కట్టాలనుకున్నారు.

న్యూజెర్సీలో క్యూ-టిప్ తన ఇంట్లోనే రికార్డింగ్ గది కట్టుకున్నాడు. పని అక్కడ మొదలైంది. వాళ్లు నలుగురే కాదు, మెహమాన్‌లూ వచ్చారు. బస్టా రైమ్స్, కాన్సీక్వెన్స్ లాంటి పాత దోస్తులు. తర్వాతి తరం నుంచి ఆండ్రే 3000, టాలిబ్ క్వెలీ, కాన్యే వెస్ట్. ఇంకా చిన్నవాళ్లు కెండ్రిక్ లమార్, ఆండర్సన్ పాక్. హిప్‌హాప్ రంగం బయటి తెల్లవాళ్లు జాక్ వైట్, ఎల్టన్ జాన్. ఇప్పుడు ఆ రంగంలో అతిథి గాయకులంటే ఎవరి ఊళ్లో వాళ్లు గొంతు రికార్డు చేసి కంప్యూటర్‌లో పంపించడం మామూలు. క్యూ-టిప్ అది వద్దన్నాడు. రావాలి, ఇంట్లో కూర్చోవాలి, ఎదురెదురుగా పాడాలి అని పట్టుబట్టాడు. జబ్బు మనిషి ఫైఫ్ కూడా దేశం ఆ చివర కాలిఫోర్నియా నుంచి వచ్చి పాడిపోయేవాడు.

పని పూర్తికాకముందే 2016 మార్చి 22న ఫైఫ్ చనిపోయాడు. నలభై అయిదేళ్లు. మిగిలినవాళ్లు అతను పాడి వెళ్లిన చరణాలతోనే ఆల్బం పూర్తిచేశారు. ఇక మేం చూసుకుంటాం, మీ సేవలకు కృతజ్ఞతలు అనే అర్థం వచ్చే ఆ ఆల్బం పేరు కూడా ఫైఫ్ పెట్టిందే, మార్చలేదు. 2016 నవంబర్ 11న అది విడుదలైంది. అమెరికా ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ గెలిచి మూడు రోజులైంది. ఆ వారం అమెరికాలో అమ్మకాల పట్టీలో అదే మొదటిది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని దాటిపోకూడదు. వయసు మీదపడ్డ కళాకారులు పేరున్న కుర్రాళ్లను పిలిచి పాడించడం వ్యాపారపు ఎత్తు కాదా? పాత దుకాణానికి కొత్త బోర్డు కాదా? చాలాసార్లు అదే. ముసలి గాయకుడి పక్కన ఇవాళ్టి పేరు పెడితే అమ్మకాలు పెరుగుతాయి. ఇంటాయన ఎవరో, వచ్చినవాడు ఎవరో తెలియకుండా పోతుంది. ఆఖరికి ఆల్బం మొత్తం విన్నాక ఇంటాయన గొంతే గుర్తుండదు. మన సంకలనాలకూ ఈ ప్రమాదం ఉంది. ముందుమాట ఒక పెద్దాయనది, వెనకమాట ఇంకో పెద్దాయనది, ఆవిష్కరణకు మంత్రి. మధ్యలో ఎక్కడో మన కవితలు. మర్యాదగా పిలిచిన మెహమాన్‌లే ఇంటిని మింగేస్తారు.

మరి ఈ ఆల్బంలో అట్లా ఎందుకు జరగలేదు? నాకు తోచిన జవాబు ఒక్కటే. ఆ ఇంటికి మధ్యలో ఒక స్తంభం ఉంది. అది చనిపోయిన మనిషి గొంతు. ఎవరు వచ్చినా, ఎంత పేరున్నవాడు వచ్చినా, ఫైఫ్ పాడినదానికి బదులుగానో, తోడుగానో పాడాలి. ఆఖరి పాట పేరు చూసి చాలామంది అది ట్రంప్ గురించేమో అనుకున్నారు. అది ఫైఫ్‌కు దోస్తులు పెట్టిన ముద్దుపేరు. ఎవరి ఇల్లో ఎవరికీ అనుమానం రాలేదు. 'మేము' గట్టిగా నిలబడి ఉంది కాబట్టి 'మనం' అన్నప్పుడు అది కరిగిపోలేదు.

ఇక ఆ ఆల్బంలో ఒక పాట. దాని పేరు అమెరికా రాజ్యాంగపు మొదటి మాటలే, ప్రజలమైన మేము అని. పల్లవిలో వాళ్లు వెళ్లగొట్టేవాడి గొంతును వెక్కిరింతగా అనుకరిస్తారు. నల్లవాళ్లు, మెక్సికన్లు, పేదవాళ్లు, ముస్లింలు, స్వలింగ సంపర్కులు అంటూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పొమ్మంటాడు ఆ గొంతుగలవాడు. ఇంగ్లీషులో ఆ 'వుయ్'లో ఎవరున్నారో తెలియని గందరగోళం ఉంది కదా, ఆ గందరగోళంలోనే దొంగతనం జరుగుతుందని ఈ పాట చూపిస్తుంది. ప్రజలమైన మేము అన్నవాడు, ఆ ప్రజల్లో ఎవరు లేరో నోటితో చెప్పడు. ఈ పాట చెప్పించింది. నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. ముస్లింల పేరు ఆ వరసలో ఒక్కటే కాదు, మొదటిదీ కాదు. ఐదింట్లో ఒకటి. మన బాధను ఇంకో నాలుగు బాధల పక్కన కూర్చోబెట్టారు. దానివల్ల మన బాధ చిన్నదైందా? లేదు. దానికి ఇరుగుపొరుగు దొరికింది.

2017 జనవరి 27న ట్రంప్ ఏడు ముస్లిం దేశాల ప్రజలు అమెరికాలోకి రాకుండా ఆదేశం ఇచ్చాడు. పెద్ద నాకా అన్నమాట. రెండు వారాలకు, ఫిబ్రవరి 12న, గ్రామీ అవార్డుల సభలో ఈ బృందం బస్టా రైమ్స్‌తో, ఆండర్సన్ పాక్‌తో, కాన్సీక్వెన్స్‌తో కలిసి అదే పాట పాడింది. ఆ నిషేధాన్ని బస్టా రైమ్స్ వేదిక మీదే ఎత్తిపొడిచాడు. తర్వాత ప్రేక్షకుల మధ్య నుంచి రకరకాల మనుషులు వేదిక మీదకు నడిచి వచ్చారు. వాళ్లలో హిజాబ్ వేసుకున్న అమ్మాయి కూడా ఉంది. అక్కడ ఆమెను 'మన ముస్లిం సోదరి' అని ఎవరూ పరిచయం చెయ్యలేదు. పరిచయం అక్కర్లేకుండా వచ్చి నిలబడింది.

అయితే మెహమాన్‌నవాజీకి ప్రమాదం కూడా ఉంది. ఆల్బంలో గొంతు కలిపిన కాన్యే వెస్ట్ నెల తిరగ్గానే, 2016 డిసెంబర్ 13న, ట్రంప్ టవర్‌కు వెళ్లి ట్రంప్‌ను కలిసి ఫోటో దిగాడు. తర్వాతి ఏళ్లలో ఇంకా దూరం పోయాడు. 2022లో యూదుల మీద విషం కక్కాడు. వెళ్లగొట్టేవాడిని వెక్కిరించిన ఆల్బంలో పాడినవాడే వెళ్లగొట్టేవాడి పంచన చేరాడు. అయినా అతని గొంతును ఆల్బం నుంచి తీసెయ్యలేదు. అది సరైనదేనా? నాకు సరైనదే అనిపిస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో అతను తిన్న అన్నం నిజం. రేపు ద్రోహం చేస్తాడేమోనని ఇవాళే గుమ్మంలో సోదా చేస్తే అది ఇల్లు కాదు, నాకా. మన మధ్యకు వచ్చి కన్నీళ్లు పెట్టి, తర్వాత మొహం తిప్పుకున్న రచయితలు మనకూ ఉన్నారు. వాళ్లకు భయపడి తలుపేసుకుంటే నష్టపోయేది వాళ్లు కాదు.

ఇప్పుడు మళ్లీ మన క్యాంపస్‌కు వద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైంది. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో పై చదువులన్నీ చెప్పిన మొదటి విశ్వవిద్యాలయం. శాస్త్రం, వైద్యం, న్యాయం, ఇంజనీరింగు అన్నీ ఉర్దూలోనే. పుస్తకాలను తర్జుమా చెయ్యడానికే ఒక పెద్ద సంస్థ పెట్టారు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని గీసిన శిల్పి బెల్జియం దేశస్థుడు జాస్పర్. గుళ్ల స్తంభాల పోలిక, మసీదుల కమానుల పోలిక ఆ ఒక్క రాతి భవనంలో కలిసే ఉన్నాయి. చూడగానే 'మనం' అనిపిస్తుంది.

కానీ అక్కడ చదవడానికి రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లే. వాళ్లను అడగకుండానే ఉర్దూ 'హమ్' అంది. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడిన విద్యార్థులను విశ్వవిద్యాలయం బహిష్కరించింది. వాళ్లలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేసుకున్నారు. ఆ పాటతో మనకు పేచీ ఉంది. ఇవాళ ఆ పాటను మన నోటితో బలవంతంగా పాడించాలని చూసేవాళ్లతో ఇంకా పెద్ద పేచీ ఉంది. అయినా చెప్పాల్సింది చెప్పాలి. పాట పాడినందుకు పిల్లల్ని బడి నుంచి వెళ్లగొట్టడం అన్యాయం. సింహాసనం మీంచి అన్న 'మనం' అది. 1948 తర్వాత బోధనా భాషగా ఉర్దూ పోయింది, ఇంగ్లీషు వచ్చింది. తన కోసం కట్టిన ఇంట్లోనే ఉర్దూ ఒక శాఖ అయి, ఒక మూల గదిలో మెహమాన్‌గా మిగిలింది. అప్పుడు అన్నది మెజారిటీ మీంచి అన్న 'మనం'. రెండింట్లోనూ అవతలివాణ్ణి అడగలేదు. అడగకుండా అనే 'మనం' ఎవరి నోట వచ్చినా మింగేదే. నిజాం నోట వచ్చినా, ఓట్ల లెక్క నోట వచ్చినా.

ఇదే క్యాంపస్‌లో 2012 ఏప్రిల్ 15న దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపారు. ఘర్షణలు జరిగాయి. వంటకం మన గల్లీల్లో మనం కల్యాణీ బిర్యానీ అని పిలుచుకునేదే. కానీ పిలిచింది దళితులు. ఇది మా కూడు, వచ్చి తినండి అన్నది వాళ్లు. అదే పిలుపు ముస్లిం విద్యార్థులు పిలిచి ఉంటే మరునాటి పేపర్లలో ఆ మాటకు అర్థం ఏమై ఉండేదో మనందరికీ తెలుసు. మన కూడు తినడానికి మనమే ఇంకొకరి దస్తర్‌ఖాన్ దగ్గరికి మెహమాన్‌లుగా వెళ్లాం. అందులో చిన్నతనం లేదు. దళితులు 'మేము' అని నిలబడి మనకు చోటిచ్చారు. రుణం మాత్రం ఉంది. తిరిగి పిలవాల్సిన రుణం.

మన ఇంటి లోపలికి కూడా చూడాలి. మన 'మేము'లో మెహమాన్‌లుగా మిగిలినవాళ్లు లేరా? ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లను ఉర్దూ రాదని పక్కన కూర్చోబెట్టినవాళ్లం మనమే. మన ఆడవాళ్లు రాసిన దాన్ని విషయసూచికలో చివర ఒక విభాగంగా పెట్టి, వాళ్లకూ చోటిచ్చామని చెప్పుకున్నదీ మనమే. ఆ అమెరికా ఆల్బంలోనూ ఈ లోపం ఉంది. అంతమంది మెహమాన్‌లలో ఆడగొంతు వెతుక్కోవాలి. 'మేము' అనే గోడ లోపల కూడా గదులుంటాయి. ఏ గదికి తాళం ఉందో చూసుకోకుండా బయటి గేటు తెరిచి లాభం లేదు.

మన ఊరి సంగతి ఒకటి. కొన్నేళ్ల కింద హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్ మన దక్కనీ యాసలో 'మియా భాయ్' అనే ర్యాప్ పాట కట్టాడు. 2019 నాటికి ఊరూరా మోగిపోయింది. సినిమాల్లో రౌడీగానో జోకరుగానో తప్ప కనబడని మియా భాయ్ తన పాట తనే పాడుకున్నాడు. ఆ పాటలో పెద్ద రాజకీయం ఏమీ లేదు. 'మేము' అనడంలోని సంతోషం ఉంది. తార్నాక టీకొట్టు దగ్గర ముస్లిం కాని పిల్లలు కూడా ఆ మాటను సరదాగా అనుకున్నారు. 2021లో అతను సంగీతం ఇస్లాంలో హరామ్ అని చెప్పి పాట మానేశాడు. అది అతని ఈమాన్‌కు సంబంధించిన నిర్ణయం, మనం తీర్పు చెప్పాల్సిన పని లేదు. దర్గాల్లో ఖవ్వాలీ విని కంటతడి పెట్టేవాళ్లూ మనవాళ్లే, అది కూడదనేవాళ్లూ మనవాళ్లే. అలీ షహీద్ ముహమ్మద్ ముస్లింగానే ఉండి నలభై ఏళ్లుగా సంగీతం చేస్తున్నాడు. 'మేము' అనేది ఒక్క గొంతు కాదని చెప్పడానికే ఈ ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాస్తున్నాను. బయటివాళ్లు మనల్ని ఒకటే ముద్దగా చూస్తారు. మనం కూడా అట్లా చూసుకోకూడదు.

ఇంతకీ మిత్రుల ప్రశ్నకు జవాబు ఏమిటి? 'మనం' అనరాదా అంటే, అంటాం. కానీ వరస తిరగబడాలి. ముప్పై ఏళ్లుగా మీరు పిలిచారు, మేం వచ్చాం. మీ ప్రత్యేక సంచికలకు, మీ సభలకు, మీ సంతాప తీర్మానాలకు. ఇప్పుడు మేం పిలుస్తాం, మీరు రండి. మా సంకలనంలో మీకో పేజీ ఇస్తాం. మా బాధ గురించి రాయమని కాదు. అది మేం రాసుకోగలం. మీ ఇంటి నాకా గురించి రాయండి. మీ గల్లీలో బోర్డు పెట్టిందెవరో, చెల్లెలి కొడుకు అబద్ధం చెప్పిందెవరో, అప్పుడు మీరెక్కడ ఉన్నారో రాయండి. ఆ విషయం మాకంటే మీకే బాగా తెలుసు. మీకో షరతు ఉంటే చెప్పండి, వింటాం. మాకూ ఒకటి ఉంది: ఫైలు పంపించడం కాదు, వచ్చి కూర్చోవాలి. మా గల్లీకి రావాలి, మా దస్తర్‌ఖాన్ మీద చెయ్యి కడగాలి, రాసినదాన్ని మా ముందు చదవాలి. మేం అడిగే ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పాలి.

వచ్చినవాళ్లలో రేపు ఒకరిద్దరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. మిగిలినవాళ్లకు అన్నం తగ్గదు. ఆ పుస్తకంలో ఎవరి పేర్లు ఎంత పెద్దవైనా, విషయసూచిక వేసేది మేమే. మొదటి పేజీ మాత్రం చనిపోయిన మా వాళ్లకు వదిలేస్తాం. తమ పేరు చెప్పుకోవడానికే భయపడుతూ బతికి, ఒక్క వాక్యం కూడా రాయకుండా పోయిన వాళ్లకు. వాళ్లు ఉన్న ఇంట్లోకే మిమ్మల్ని పిలుస్తున్నాం.